గడి లేని ఇంటిపేరు

మొదటి రోజు, ఆదివారం

ముంబైలో ఎక్కిన విమానం ఆరు గంటలు దాటాక కిందికి దిగుతుంటే కిటికీలోంచి ముందు సముద్రం కనిపించింది, ఆ వెంటనే చెరకు. ఎటు చూసినా చెరకే. ఇది చూడ్డానికా ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చాను అనుకున్నాను. మాది చోడవరం దగ్గర పల్లె. బెల్లం పొయ్యిల పొగలో పెరిగినవాణ్ణి.

విమానాశ్రయం మారిషస్ దీవికి ఆగ్నేయాన ఉంది, రాజధాని పోర్ట్ లూయిస్ వాయవ్యాన. టాక్సీలో వెళ్తుంటే దారి పొడుగునా చెరకు తోటల నడిమధ్య నల్లరాళ్ల గుట్టలు. ఎవరో కూర్చుని ఒక్కో రాయీ పేర్చినట్టు, కొన్ని చిన్నసైజు పిరమిడ్లలా ఉన్నాయి. ఈ దీవంతా అగ్నిపర్వతం కక్కిన రాయే. ఆ రాళ్లు ఏరి కుప్ప పోస్తే గానీ నాటడానికి నేల కనపడలేదు. రాయి తిరగేస్తే కింద బంగారం దొరుకుతుందని ఏజెంట్లు మనవాళ్లని ఆశపెట్టి కూలికి తీసుకొచ్చారని ఇక్కడ ఇంటింటా చెప్పుకునే కథట. డ్రైవరు నవ్వుతూనే చెప్పాడు. నాకు మాత్రం ఆ గుట్టల్లో ఏది మావాడు పేర్చిందో అన్న ఆలోచన పట్టుకుని వదల్లేదు.

మావాడంటే మా తాతగారి తాతకి తమ్ముడు. ఇంట్లో అందరికీ ఆయన ‘మారీసు తాత’. అసలు పేరు ఎవరికీ తెలీదు. తెలిసినవి మూడే ముక్కలు: ఇరవై ఏళ్ల లోపు వయసులో అన్నతో పోట్లాడి వెళ్లిపోయాడు, మద్రాసు పోయి ఓడెక్కాడు, చెయ్యి మీద బెల్లం పెనం కాలిన మచ్చ ఉండేది. ఇంతే. ఉత్తరం లేదు, కబురు లేదు.

నేను ముప్ఫై రెండేళ్లు సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. గొలుసు లాగడంతో మొదలుపెట్టి, జీపీఎస్ యంత్రం మోయడంతో ముగించాను. పాత రిజిస్టర్లంటే నాకు భయం లేదు. దస్తూరీ ఎంత చెడ్డదైనా చదవగలను, ఏ గుమాస్తా ఏ గడిని విసుగుతో నింపాడో ఇట్టే చెప్పగలను. ఆ ధైర్యంతోనే బయల్దేరాను. ఎంత పిచ్చి ధైర్యమో మూడో రోజు తెలిసింది.

రెండో రోజు, సోమవారం

పొద్దున్నే ఆప్రవాసీ ఘాట్‌కి, అంటే అప్పట్లో వలస కూలీలు ఓడ దిగిన రేవుకి, వెళ్లాను. పోర్ట్ లూయిస్ రేవు పక్కనే, పెద్ద రోడ్డుకీ బస్‌స్టేషనుకీ దగ్గర్లో ఉంది. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన చోటు అంటే ఏదో పెద్ద కోట ఊహించుకుంటాం. ఉన్నది ఒకటిన్నర వేల చదరపు మీటర్ల చిల్లర స్థలం. మన లెక్కలో ఎకరంలో సగం కూడా కాదు. రాతి గోడలు, కొన్ని గదుల పునాదులు, ఆస్పత్రి మిగులు, మరుగుదొడ్ల వరస. మిగతాదంతా కాలం తినేసింది, రోడ్లు తినేశాయి.

ఒకప్పుడు సముద్రం ఇక్కడి దాకా ఉండేదట. పడవ దిగిన మనిషి మొదట ఎక్కేది పదహారు రాతి మెట్లు. ఇంగ్లిషు దొరలు బానిసత్వాన్ని రద్దు చేశాక, 1835లో ఇక్కడి తోటల్లో బానిసలకు విముక్తి వచ్చింది. చెరకు నరకడానికి ఆ చేతుల స్థానంలో వేరే చేతులు కావాలి కదా. ఆ విముక్తికి ముందే, 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ కలకత్తా నుంచి 36 మందితో వచ్చింది. ఆ తర్వాత 1920 దాకా దాదాపు 5 లక్షల మంది. ఒప్పందం మీద కూలీల్ని తెచ్చే ఈ పద్ధతి ఇక్కడ నడుస్తుందని రుజువయ్యాకే దాన్ని ట్రినిడాడ్‌కీ, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కీ, ఫిజీకీ పట్టుకెళ్లారు. ప్రయోగశాల ఇదన్నమాట.

పదహారు మెట్ల ముందు చాలాసేపు నిలబడ్డాను. మా వైపు మనిషికి మెట్లంటే సింహాచలం కొండే. మొక్కుకున్నవాళ్లు వంగి వంగి మెట్టు మెట్టుకీ పసుపు రాసి బొట్టుపెట్టుకుంటూ పైకి పోతారు. మా అమ్మ చేసింది, నేను పసుపు పళ్లెం పట్టుకుని వెనకాల నడిచాను. ఇక్కడివి పదహారే. ఎక్కడానికి అరనిమిషం చాలు. పైకెక్కాక దణ్ణం పెట్టడానికి ఎవరూ లేరు, ఉన్నది గుమాస్తా. రెండు రోజులు డిపోలో ఉంచి, పేరు రాసి, ఒంటి మీద గుర్తులు చూసి, నంబరిచ్చి తోటలకు పంచేవారు.

నెలకు 5 రూపాయలు జీతం, కొలిచి ఇచ్చే తిండిగింజలు. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలీ కోత. దాన్ని ఇక్కడ ‘డబుల్ కట్’ అనేవారు. లెక్కలు చూస్తే కొందరు నెలంతా పనిచేసి చివరికి యజమానికే బాకీ పడేవారట. మన వైపు పాలేరుతనం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. కొత్తదల్లా దాన్ని అంత చక్కగా రిజిస్టర్లో రాసి పెట్టడం.

మధ్యాహ్నం రోడ్డు పక్కన ధోల్‌పురి తిన్నాను. శనగపప్పు ఉడకబెట్టి రుబ్బి, పిండిలో పెట్టి పల్చగా కాల్చిన రొట్టె. బెల్లం వెయ్యడం మరిచిపోయిన బొబ్బట్టు. దాంట్లోకి చట్నీ, కూర. బాగుంది, మూడు తిన్నాను. సంతలో కూరల పేర్లు వింటూ తిరిగాను. మునగాకుని ‘బ్రెద్ మురుం’ అంటున్నారు, కరివేపాకుని ‘కరిపులే’ అంటున్నారు. అరవ మాటలు ఇక్కడి జనభాష క్రియోల్లో కరిగిపోయాయి. మన మాట ఒక్కటైనా తగులుతుందేమోనని చెవులు రిక్కించుకుని తిరిగాను. తగల్లేదు.

మూడో రోజు, మంగళవారం

అసలు పని ఈవేళ. పోర్ట్ లూయిస్ నుంచి మెట్రో ఎక్కి, రోజ్ హిల్ మీదుగా రెదుయి దాకా వెళ్లాను. అక్కడ మాస్టారు కారుతో ఎదురుచూస్తున్నారు. మాస్టారంటే ఇక్కడి తెలుగాయన, ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఆర్నెల్లుగా ఫోన్లో మాటలే, మనిషిని చూడ్డం ఇదే మొదలు. “నమస్కారం అన్నయ్యగారూ, ప్రయాణము సుఖముగా జరిగినదా?” అన్నారు. పాఠ్యపుస్తకం లోంచి కత్తిరించినట్టున్న తెలుగు. నేను “ఆఁ, బానే జరిగింది మాస్టారూ” అంటే, ‘బానే’ అన్న మాట ఆయనకు అర్థం కాలేదు.

మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. భారతదేశం సహకారంతో 1970లో పెట్టిన సంస్థ. భారతీయ వలసల దస్తావేజుల భాండాగారం అక్కడే. నేటాల్ సంగతి వేరు. అక్కడికి 1860 నుంచి 1911 దాకా 384 ఓడల్లో వెళ్లిన 1,52,184 మంది ఓడజాబితాలు కంప్యూటర్లోకి ఎక్కాయి, ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. ఫిజీకి వెళ్లిన 60,965 మందికి మనిషికో ఎమిగ్రేషన్ పాస్ ఉంది. ఇక్కడ నాకు ఆ సుఖం లేదు. ముందే రాసుకుని, అనుమతి తీసుకుని, వచ్చి కూర్చోవాలి. వెతికేది అక్కడి ఉద్యోగులే.

బయట బెంచీ మీద నలుగురైదుగురు ఉన్నారు. 2024 మార్చిలో మన రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఈ దేశం వచ్చినప్పుడు, మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ (విదేశీ భారతీయ పౌరసత్వ) కార్డు ఇస్తామని ప్రకటించారు. కార్డు కావాలంటే ముత్తాత ఎక్కణ్ణుంచి వచ్చాడో కాగితం చూపించాలి. అందుకని వచ్చినవాళ్లు వాళ్లు. వాళ్ల చేతిలో దారం కొస ఉంది. తన జనన ధ్రువపత్రం, దాని మీద తండ్రి పేరు, తండ్రి పెళ్లి కాగితం, తాత మరణ ధ్రువపత్రం, ఇలా వెనక్కి వెళ్తూ పోతే ఎక్కడో ఒక కాగితం మీద వలసదారు నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు దొరికితే రిజిస్టరు తెరుచుకున్నట్టే. నేను వచ్చింది వెనకవైపు నుంచి. నా దగ్గర నంబరు లేదు, పేరు లేదు, ఓడ లేదు.

“మరి ఏముంది?” అని అడిగింది అక్కడి ఉద్యోగిని, మర్యాదగానే.

తండ్రి పేరు ఉందన్నాను. అది కూడా కాగితం మీద చూసింది కాదు, లెక్క కట్టింది. మా వైపు జమీందారీ గ్రామాలు. మా ఊరి భూమి మీద సర్కారు సెటిల్‌మెంటు జరిగింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. అంతకు ముందు మా పేర్లు ఏ ప్రభుత్వ రిజిస్టర్లోనూ నాకు కనబడలేదు. తద్దినం పెట్టేటప్పుడు చెప్పేది మూడు తరాల పేర్లే, నాలుగోదాన్ని మంత్రమే వదిలేస్తుంది. ఎగ్మూరులో తమిళనాడు దస్తావేజుల కార్యాలయంలో వారం కూర్చున్నాను. దొరికినవి ఏ ఏడు ఎంతమంది ఓడెక్కారన్న అంకెలు, మనుషులు కారు. చివరికి ఆదుకున్నది మన అలవాటే. మా ఇంట్లో పెద్దకొడుక్కి తాత పేరు పెడతారు. మా నాన్న అప్పన్న, మా తాత సన్యాసి, ఆయన తండ్రి అప్పన్న, ఆయన తండ్రి సన్యాసి. కాబట్టి ఆ సన్యాసికీ, పారిపోయిన తమ్ముడికీ తండ్రి అప్పన్నే అయ్యుండాలి. ఇది చెప్తుంటే ఉద్యోగిని కళ్లు మెరిశాయి. “అదేదో తెలివైన పద్ధతే” అంది. ఐదు నిమిషాల తర్వాత మెరుపు పోయింది.

విశాఖపట్నం జిల్లాలో అప్పన్న కొడుకుని వెతకడమంటే కోనసీమలో ఇంటికి కొబ్బరిచెట్టు గుర్తు చెప్పినట్టే. సింహాచలం దేవుడే అప్పన్న. కొండ చుట్టూ నలభై యాభై మైళ్ల దాకా ఇంటికో అప్పన్న, అప్పడు, అప్పారావు, అప్పలస్వామి, అప్పలనరసయ్య, సింహాద్రి. ఇక్కడి గుమాస్తాలు ఇంగ్లిషు, ఫ్రెంచి చెవుల వాళ్లు. అప్పన్న ఒకచోట అపానా, ఒకచోట అప్పెనా, ఇంకోచోట అపియా. అప్పడు అప్పాడూ అయ్యాడు. ఆ అప్పాడూ తర్వాతి తరానికి ఇంటిపేరు అయింది. ఈ దీవిలో తెలుగువాళ్ల ఇంటిపేర్లు చాలావరకు ఇలా ఎవరో ఒక తాత ఒంటిపేరే. పిల్లల బడిలో ‘నీ ఇంటిపేరేమిటి’ అంటే ఆ తాత పేరే చెబుతారు. అసలు ఇంటిపేరు మద్రాసు ఓడ ఎక్కేనాటికి మనిషితోనే ఉండి ఉంటుంది. పదహారు మెట్లెక్కాక లేదు.

ఎందుకు లేదో రిజిస్టరు చూస్తే తెలిసింది. నా చేతికివ్వలేదు, బల్ల మీద తెరిచి చూపించారు. గడులు చదువుకుంటూ పోయాను: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, ఎత్తు, శరీరం మీద గుర్తులు, ఊరు, జిల్లా, ఓడ, వచ్చిన తేదీ, ఏ యజమానికి ఇచ్చారు. కులానికి గడి ఉంది. పుట్టుమచ్చకు గడి ఉంది. ఇంటిపేరుకు లేదు.

గుమాస్తాను తిట్టబుద్ధి కాలేదు. ఆయన ఉద్యోగమే నేనూ చేశాను. రిజిస్టరు గీసేవాడికి ఏది కావాలో అదే గడి అవుతుంది. నా అడంగళ్లలో ఇంటిపేరు ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది, సెంటుతో సహా భూమి ఉంటుంది. కానీ ముప్ఫై రెండేళ్లలో ఒక్క రైతు ముఖం మీద మచ్చ నేను రాయలేదు. భూమి పారిపోదు, దాన్ని కనిపెట్టాలంటే హద్దులు చాలు. కూలీ పారిపోతాడు, పట్టుకు రావాలంటే మచ్చ కావాలి. 1867 నాటి చట్టం తర్వాత ఒప్పందం పూర్తయిన కూలీ కూడా ఫొటో అంటించిన పాస్ జేబులో లేకుండా రోడ్డెక్కితే జైలే. ఈ అన్యాయం మీద 1871లో అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తెల్లాయన కూలీల తరఫున అర్జీ తయారుచేస్తే, విచారణకు మరుసటి ఏడు రాయల్ కమిషన్ వచ్చింది. ఆ ఫొటోలే ఇప్పుడు మునిమనవలకు దొరికే ఏకైక ముఖం. అప్పుడు సంకెళ్లు, ఇప్పుడు గోడ మీద పటం.

సాయంత్రానికి మొత్తం తేలింది: విశాఖపట్నం జిల్లా, తండ్రి పేరు అప్పన్నకు దగ్గరగా ఉన్నది, 1865 నుంచి 1875 లోపు, వయసు పదహారు నుంచి ఇరవై రెండు. నలభై మూడు మంది.

నాలుగో రోజు, బుధవారం

వాన. ఇక్కడి వాన మన తుపానుకు చెల్లెల్లా ఉంది, పది నిమిషాలు కురిసి పది నిమిషాలు ఆగుతుంది.

నలభై మూడు మందిలో ఒంటి మీద గుర్తుల గడి చూసుకుంటూ వచ్చాం. చాలామందికి మశూచి మచ్చలు. ఒకడికి ఆరో వేలు. ఒకడికి చెవి చిరిగింది. చెయ్యి మీద కాలిన మచ్చ ఉన్నవాళ్లు ముగ్గురు.

ఒకడి పేరు అప్పడు. పందొమ్మిదేళ్లు. కుడి ముంజేతికి మచ్చ. ఊరు గడిలో అనకాపల్లిలాంటిదేదో. అది ఊరా, తాలూకానా చెప్పలేం. వచ్చిన రెండేళ్లకు ఆస్పత్రిలో చనిపోయాడు.

రెండోవాడు రాములు. ఇరవై ఒకటి. ఎడమ చేతికి మచ్చ. ఊరు కసింకోట అని నేను చదివాను. ఉద్యోగిని వేరే చదివింది. గడువు తీరాక భారతదేశం తిరిగి వెళ్లినట్టు పక్కన రాసి ఉంది.

మూడోవాడు గురువులు. పదిహేడు. మచ్చ ఉందని ఉంది గానీ ఏ చెయ్యో లేదు. ఊరు గడి ఖాళీ. కానీ ఫొటో ఉంది.

ఆ ఫొటో ఎంతసేపు చూశానో. తలపాగా, చొక్కా లేని భుజాలు, ఇటే చూస్తున్న కళ్లు. మా నాన్న ముక్కు కనిపించింది. సందేహం లేదనుకున్నాను. తలెత్తి చూస్తే ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్న వాచ్‌మన్‌కీ అదే ముక్కు. ఇంకాసేపు చూస్తే మాస్టారిక్కూడా వచ్చేలా ఉంది. పుస్తకం మూసెయ్యమన్నాను.

బయటికొచ్చి ఊళ్లో మా పెద్దత్తకి ఫోన్ చేశాను. ఎనభై ఆరేళ్లు, మా ఇంట్లో ఈ కథ తెలిసిన చివరి మనిషి. మన కంటే ఇక్కడ గంటన్నర వెనక, కాబట్టి ఆవిడ సాయంకాలం కాఫీ తాగుతోంది.

“అత్తా, మారీసు తాతకి ఏ చెయ్యి కాలింది? కుడా, ఎడమా?”

“ఏటి?”

“చెయ్యి, చెయ్యి! పెనం కాలిన చెయ్యి ఏది?”

“సెయ్యి కాలిందన్నారు గానీ ఏ సెయ్యో ఎవులు సెప్పేరు నాయినా? మన ఊళ్లో బెల్లం వండినోడికి ఏ సెయ్యి కాల్లేదు? మీ మాఁవయ్యకి రెండూ కాలాయి.” కాసేపాగి, “బువ్వ తిన్నావా?” అంది.

నిజమే. నేను అద్భుతమైన ఆనవాలు అనుకున్నది చోడవరం, అనకాపల్లి వైపు సగం మంది కుర్రాళ్ల చేతిమీదుంది. మా చెరకే మమ్మల్ని ఒకలా చేసేసింది.

తిరిగి వెళ్లిన రాములు గురించి రాత్రి నిద్రపట్టలేదు. మావాడైతే తిరిగొచ్చిన కథ కూడా ఇంట్లో ఉండేది. లేకపోతే మద్రాసు రేవులో దిగి, అన్న ముఖం చూడ్డానికి మనసొప్పక అక్కడే ఆగిపోయాడేమో. రిజిస్టరు ఓడెక్కించి వదిలేస్తుంది. ఇంటి దాకా దించదు.

ఐదు, ఆరు, ఏడు రోజులు

గురువారం పోర్ట్ లూయిస్‌లో జనన మరణాల కాగితాల పని. చెప్పుకోదగ్గదేమీ లేదు. ఒక సంగతి మాత్రం మాస్టారు వివరించారు: చాలాకాలం వరకు మన పద్ధతిలో చేసుకున్న పెళ్లి ఒక్కటే ఉంటే చట్టం దృష్టిలో అది పెళ్లి కాదు, కచేరీలో రాయించాల్సిందే. రాయించనివాళ్ల పిల్లలు కొందరు తల్లి పేరు మీద ఎక్కారు. కాబట్టి వంశవృక్షం గీసేవాళ్లు ఎక్కడైనా దారం తెగితే తల్లి వైపు తిరిగి చూడాలట. మనం ఆడవాళ్ల పేర్లు వంశవృక్షంలో రాసుకోం. ఇక్కడ వాళ్ల పేర్ల మీదే కొన్ని వంశాలు నిలబడ్డాయి.

శుక్రవారం బో ప్లాన్‌లో పాత పంచదార మిల్లుని మ్యూజియం చేస్తే చూసొచ్చాను. పెద్ద యంత్రాలు, పెద్ద బాయిలర్లు. ‘మారిషస్ ఎర్రచెరకు’ మన గోదావరి జిల్లాల్లో పాతకాలం రైతులు వేసిన రకమే. ఇక్కణ్ణుంచి మనకు చెరకు గడ వచ్చింది, మన నుంచి ఇక్కడికి దాన్ని నరికే మనిషి వచ్చాడు. చివర్లో రకరకాల పంచదారలు రుచి చూపించారు. బెల్లానికి దగ్గరగా ఉన్నది ఒకటుంది. అనకాపల్లి బెల్లం తెచ్చి ఆ వరసలో పెట్టాలనిపించింది.

శనివారం రాత్రి మాస్టారి ఊళ్లో రామభజనం. ఇక్కడి తెలుగువాళ్లకు ఉగాది సెలవు ఉంది, అమ్మోరి పండగ ఉంది, సింహాద్రి అప్పన్న పూజ ఉంది. అన్నిట్లోకీ రామభజనం వాళ్ల ప్రాణం. పొద్దుగుంకాక నడుమ పెద్ద దీపం వెలిగించి, చుట్టూ తిరుగుతూ తెల్లారే దాకా పాడతారు. తాళాలు, గజ్జెలు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, మాటలు సగం తెలీకపోయినా, శ్రుతి తప్పకుండా పాడుతున్నారు. పుస్తకాల్లో పాటలు రోమన్ అక్షరాల్లో రాసుకున్నారు.

అర్ధరాత్రి దాటాక ‘సింహాద్రి అప్పన్నా’ అంటూ ఎత్తుకున్నారు. మా ఊళ్లో చందనయాత్రకు పోయేటప్పుడు ఆడవాళ్లు పాడే వరసలా ఉందనిపించింది. నా భ్రమేమో. నిద్ర లేదు, మనసు అదో రకంగా ఉంది. అయినా కాళ్లు వాటంతటవే కదిలాయి.

మాస్టారి మేనత్త, తొంభై దగ్గరున్న మనిషి, కుర్చీలో కూర్చుని ఉంది. నేనెక్కణ్ణుంచి వచ్చానో చెప్తే చెయ్యి పట్టుకుంది. క్రియోల్లో ఏదో అడిగింది. మాస్టారు అనువదించబోయేలోగా తనే తెలుగులో, “కొండ నీ ఊరికి ఎంత దూరం?” అంది. బస్సులో రెండు గంటలన్నాను. “రెండే!” అని నా చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత కొడుకుతో క్రియోల్లో అంటున్న మాటల మధ్య ‘బువ్వ’ అన్న ముక్క వినిపించింది. సంతలో రెండు రోజులు చెవులు రిక్కించుకుని వెతికిన మాట. నాకు తిండి పెట్టించమంటోంది.

ఎనిమిదో రోజు, ఆదివారం

విమానాశ్రయానికి మాస్టారే దించారు. కారు ఆపి, చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. ఈ వారమంతా నా పని చూశారు గానీ తన పని చెప్పనేలేదు. అది ఆయన ముత్తాతగారి రిజిస్టరు నకలు. నంబరుంది, ఓడ పేరుంది, తండ్రి పేరుంది, ఎత్తు అంగుళాల్లో ఉంది. జిల్లా విశాఖపట్నం. ఊరు గడిలో ఉన్నదాన్ని ఆయన “షిప్రపిలీ” అని చదివారు.

“మేము చిన్నప్పుడు ఇది ఓడ పేరు అనుకొంటిమి, అన్నయ్యగారూ. షిప్ అని ఉన్నది గదా. ఇటువంటి గ్రామము అక్కడ ఉన్నదా?”

ఒకసారి చూశాను. రెండోసారి చూడాల్సిన పనిలేదు. విజయనగరం దాటాక శ్రీకాకుళం వైపు పోయే రైలు మార్గంలో ఆ స్టేషను మీదుగా ఎన్నిసార్లు వెళ్లానో. “మాస్టారూ, ఇది చీపురుపల్లి” అన్నాను.

ఆయన ఆ పేరు నాలుగుసార్లు పలికారు. నాలుగుసార్లూ ‘పురు’ దగ్గర నాలుక తడబడింది. తన నంబరు, తన ఓడ, తన ముత్తాత కళ్లరంగు దాకా తెలిసిన మనిషి ఇప్పుడు తన ఊరు కూడా కనుక్కున్నాడు. నా సంచీలో ముగ్గురు కాలిన చేతులవాళ్లున్నారు, ఒక్కడు కూడా నావాడని చెప్పుకోలేను. కొంచెం అసూయ కలిగింది. దాచుకోవడం ఎందుకు.

తర్వాత, ఒక ఆదివారం

ఇంటికొచ్చిన రెండు వారాలకు చీపురుపల్లిలో దిగాను. పసుపుపచ్చ బోర్డు మీద మూడు భాషల్లో ఉన్న పేరుని ఫొటో తీసి మాస్టారికి పంపాను. స్టేషను బయట టీ కొట్లో కూర్చున్నవాళ్లంతా పెద్దవయసువాళ్లే. నూటయాభై ఏళ్ల కిందట ఈ ఊరి నుంచి మారీసు దీవికి పోయినవాళ్ల సంగతి ఎవరైనా విన్నారా అని అడిగాను.

“రంగం పోయినోళ్లనైతే సెప్తాను, ఎంతమంది కావాలి?” అన్నాడొకాయన. రంగం అంటే రంగూన్. మా వైపు సగం పల్లెలకు అటు పోయినవాళ్ల కథలున్నాయి.

“రంగం కాదు, మారీసు. ఆ ముసలాయన మునిమనవడు నాకు తెలుసు. అన్ని కాగితాలూ ఉన్నాయి, ఇదిగో.”

నకలు చేతులు మారింది. కళ్లజోడు పెట్టుకుని ఒకాయన, దూరంగా పట్టుకుని ఇంకొకాయన చూశారు. తండ్రి పేరు చదివారు. ఎత్తు చదివి, పొట్టివాడే పాపం, అన్నారు. ఎడమ కనుబొమ మీద మచ్చ అన్నదాన్ని పైకి చదువుకున్నారు. టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూనే తల తిప్పి చూశాడు.

“ఇవన్నీ ఎందుకండీ?” అన్నాడు. “ఇంటిపేరు సెప్పండి, ఇల్లు సూపిస్తాను.”